పసిడిని తూచి, బొగ్గును చూపిన విలియం కింగ్

వరంగల్: కాజీపేట, డోర్నకల్ జంక్షన్ల మీదుగా సాగిపోయే బొగ్గు వ్యాగన్లను చూడని వారు ఓరుగల్లు ప్రాంతంలో అరుదు. ఆ బొగ్గు ఈ నేల అడుగున దాగి ఉన్నదని 1871లో శాస్త్రీయంగా నిర్ధారించిన భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్. సింగరేణి కార్మికులు నేటికీ కింగ్ సీమ్ అని పిలుచుకునే బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు. ఆ కీర్తి వెనుక అంతగా ప్రచారంలోకి రాని మరో రెండు అధ్యాయాలు ఉన్నాయి. దక్షిణ భారతంలో బంగారు గనుల నేలను తొలిసారిగా శాస్త్రీయంగా పరిశీలించిన వారిలో ఆయన ఒకరు. భూమి పొరల్లో నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎందుకు పైకి ఉబుకుతుంది అన్న అంశాన్ని అధ్యయనం చేసిన వారిలోనూ ఆయన ముందు వరుసలో నిలుస్తారు. బొగ్గు, బంగారం, నీరు... ఈ మూడింటి విషయంలోనూ ఆయన నమ్మినది రాతి సాక్ష్యాన్నే. ఆ సాక్ష్యాన్ని మన్నించిన చోట సంపద పెరిగింది. పెడచెవిన పెట్టిన చోట లక్షల పౌండ్లు మట్టిపాలయ్యాయి.

తండ్రి బాటలోనే...

విలియం కింగ్ 1830వ దశకంలో జన్మించారు. తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లాండ్‌లోని గాల్వే నగరంలో క్వీన్స్ కళాశాల 1849లో ప్రారంభమైనపుడు తండ్రి అక్కడ భూగర్భ శాస్త్ర ఆచార్యునిగా చేరారు. జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ప్రాచీన మానవుని కపాలం నేటి మనిషిది కాదని, అది వేరొక మానవ జాతికి చెందినదని వాదించి, 1864లో దానికి శాస్త్రీయ నామకరణం చేసింది ఆయనే. నియాండర్తల్ మానవుడనే పేరు అలా శాస్త్రంలో స్థిరపడింది. రాళ్లు, శిలాజాలు, ఎముకల మధ్య పెరిగిన కుమారుడు గాల్వేలోనే చదువు ముగించి తండ్రి శాస్త్రాన్నే వృత్తిగా స్వీకరించారు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడింది. థామస్ ఓల్డ్‌హామ్ దాని అధిపతి. దేశమంతటా తిరిగి శిలలను పటంలోకి ఎక్కించేందుకు ఆయన యువ శాస్త్రవేత్తలను ఎంపిక చేసుకుంటున్న రోజులవి. కింగ్ 1857లో ఆ సంస్థలో చేరారు. ఉత్తరాదిన తిరుగుబాటు చెలరేగిన ఆ ఏడాదిలో ఉద్యోగం ప్రారంభించిన ఆయనకు మద్రాసు రాజధాని కార్యక్షేత్రమైంది. అప్పటి నుంచి దాదాపు మూడున్నర దశాబ్దాల పాటు ఆయన జీవితం భారత నేలతోనే, అందులో అధిక భాగం తెలుగు నేలతోనే పెనవేసుకుపోయింది.

ఆ రోజుల్లో సర్వే అంటే వానలు వెనుకబట్టిన తరువాత గుడారాలు, ఎడ్లబండ్లతో బయలుదేరి, ఎండలు ముదిరే వరకు ఊరూరా తిరగడం. వాగు కోసిన గట్టు, బావి తవ్విన మట్టి, కొండ పక్క విరిగిపడిన బండ... ఇవే శాస్త్రవేత్తకు పాఠ్యగ్రంథాలు. సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే నెలలో మద్రాసు సమీపంలోని పల్లవరం వద్ద ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్టును కనుగొన్నారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఫుట్, కింగ్ ఇద్దరూ కలిసి అత్తిరంపాక్కం వద్ద మరిన్ని రాతి గొడ్డళ్లను వెలికి తెచ్చారు. భారతదేశ పూర్వ చరిత్ర పరిశోధనకు అది తొలి మెట్టు. నేలను చూసే కన్ను ఉంటే రాయి ఎన్ని కథలు చెప్పగలదో ఈ సంఘటన చాటింది.

కడప, కర్నూలు శిలలకు తెలుగు పేర్లు

కింగ్ పెద్ద రచనల్లో ఒకటి 1872లో వెలువడింది. కడప, కర్నూలు శిలా సముదాయాలపై సర్వేక్షణ సంస్థ ప్రచురించిన ఆ గ్రంథం నేటికీ ఆ ప్రాంత భూగర్భ అధ్యయనానికి పునాది. శిలా శ్రేణులకు పేర్లు పెట్టడంలో ఆయన స్థానిక నదులను, ఊళ్లను ఆశ్రయించారు. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా శ్రేణులు కడప సముదాయానికి చెందినవి. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు పేర్లు కర్నూలు సముదాయంలోనివి. ప్రపంచంలో ఏ మూల భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థి అయినా భారతదేశ అధ్యాయానికి వచ్చేసరికి ఈ తెలుగు పేర్లను పలకవలసిందే.

బనగానపల్లె ప్రాంతంలో తరతరాలుగా సాగుతున్న వజ్రాల వేటను కూడా ఆయన అధ్యయనం చేశారు. గులకరాళ్లు అతుక్కుని ఏర్పడిన పలుచని రాతి పొరలోనే వజ్రాలు లభిస్తున్నాయని, ఆ పొరను అనుసరించే స్థానికులు తవ్వుతున్నారని ఆయన వివరించారు. విలువైన ఖనిజం నేలంతా చల్లినట్టు ఉండదు. ఒక నిర్దిష్టమైన పొరలోనో, చీలికలోనో ఒదిగి ఉంటుంది. ఆ స్థానాన్ని గుర్తించడమే భూగర్భ శాస్త్రవేత్త పని. ఆయన తరువాతి జీవితమంతా ఈ సూత్రం చుట్టూనే తిరిగింది.

బొగ్గు కోసం గోదావరి వెంట

అప్పట్లో దక్షిణాదికి బొగ్గు పెద్ద కొరత. రైళ్లు విస్తరిస్తున్నాయి. నేలబొగ్గు కోసం బెంగాల్ వైపో, సముద్రం ఆవల ఇంగ్లాండు వైపో చూడవలసి వచ్చేది. గోదావరి, ప్రాణహిత లోయల్లో బొగ్గు ఉండవచ్చన్న ఆశ 19వ శతాబ్దం మొదటి సగం నుంచే ఉంది. డబ్ల్యూ.టి. బ్లాన్‌ఫోర్డ్ ఎగువ నుంచి పరిశీలన సాగిస్తుండగా, దిగువ ప్రాంతం కింగ్ వంతుకు వచ్చింది.

నిజాం రాజ్యంలోని ఆగ్నేయ భాగం, నాటి ఓరుగల్లు ప్రాంతంలోని ఇల్లందు, సింగరేణి పరిసరాలు దట్టమైన అడవులు. భద్రాచలం యాత్రకు వెళ్తున్న భక్తులు అన్నం వండుకునేందుకు నల్లరాళ్లతో పొయ్యి పేర్చగా, కుండ కింద కట్టెలతో పాటు ఆ రాళ్లూ అంటుకున్నాయని, ఆ వార్త అధికారుల చెవిన పడిందని ఈ ప్రాంతంలో ఒక కథ వాడుకలో ఉంది. దాని నిజానిజాలు ఎలా ఉన్నా, 1871లో కింగ్ అక్కడి శిలలను పరిశీలించి బొగ్గు పొరను నిర్ధారించారు. హైదరాబాదు రాజ్యపు ఆగ్నేయాన కొత్త బొగ్గు క్షేత్రం ఉన్నదంటూ ఆయన రాసిన పత్రం 1872లో సర్వేక్షణ సంస్థ పత్రికలో అచ్చయింది.

అది కేవలం నల్లరాయి దొరికిందన్న ప్రకటన కాదు. బెంగాల్, బీహారుల్లో బొగ్గునిచ్చే బరాకర్ శిలా శ్రేణే ఇక్కడ కూడా ఉన్నదని ఆయన గుర్తించారు. సుమారు 27 నుంచి 29 కోట్ల ఏళ్ల కిందట నదులు, చిత్తడి నేలలు, అడవులు ఉన్న లోయలో చెట్లు పూడిపోయి ఏర్పడిన శ్రేణి అది. బొగ్గు ఒక్కచోట బయటపడితే, ఆ శ్రేణి సాగిన దిక్కున ఇంకా ఎక్కడెక్కడ ఉండే అవకాశం ఉన్నదో పటం మీద గీయవచ్చు. ఇల్లందుతో మొదలైన సింగరేణి తవ్వకాలు కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, బెల్లంపల్లి వరకు విస్తరించాయంటే ఆ లోయ అంతటా వ్యాపించిన ఒకే శిలా చరిత్ర అందుకు కారణం.

అన్ని చోట్లా ఆశ ఫలించలేదు. బ్రిటిష్ పాలనలోని గోదావరి జిల్లాలో, నేటి పశ్చిమ ఏజెన్సీలోని బెడదనూరు వద్ద అవే శిలలు కనిపించాయి. మద్రాసు ప్రభుత్వానికి తన సొంత భూభాగంలోనే బొగ్గు దొరకాలన్న ఆరాటం ఉండేది. 1874లో అక్కడ బోర్లు వేసి చూశారు. పని జరిపించదగ్గ బొగ్గు కనిపించలేదు. ఆ బోర్లలో ఏ లోతున ఏ రాయి తగిలిందో కింగ్ తరువాత ప్రచురించారు. ఫలితం దక్కని తవ్వకాన్ని కూడా దాచకుండా నమోదు చేయడం ఆయన వృత్తి ధర్మంలో భాగం.

వైనాడులో బంగారు వేట

బొగ్గు పని నడుస్తుండగానే కింగ్ బంగారం వైపు మళ్లవలసి వచ్చింది. మద్రాసు రాజధానిలోని ఆగ్నేయ వైనాడు, అంటే నేడు తమిళనాడు నీలగిరి జిల్లాలో ఉన్న గూడలూరు, పందలూరు, దేవాల ప్రాంతాల్లో కురుంబ తెగవారు వాగుల ఇసుకను కడిగి బంగారు రేణువులు తీసేవారు. కొండల మీద పాత గుంతలు, సొరంగాల ఆనవాళ్లు కనిపించేవి. కాఫీ తోటల యజమానుల కన్ను వాటిపై పడింది. ఆల్ఫా అనే పేరుతో 1874లో ఒక కంపెనీ వెలిసింది. కొండల్లోని పలుగురాళ్ల చాళ్లలో ఎంత బంగారం ఉన్నదో తేల్చే పని ప్రభుత్వం ద్వారా కింగ్‌కు వచ్చింది. 1875లో ఆయన ప్రాథమిక నివేదిక వెలువడింది.

అక్కడి నేల స్వభావం ఇది. కొండలన్నీ అతి పురాతనమైన నైస్ శిల. దాని చీలికల్లో వేడి ద్రవాలు ప్రవహించి, చల్లారి, తెల్లని పలుగురాళ్ల చాళ్లుగా గడ్డకట్టాయి. బంగారం ఆ చాళ్లలో ఉంటుంది. పై భాగంలో సుదీర్ఘ కాలపు వానలకు రాయి కుళ్లి, ఇనుము తుప్పు పట్టి ఎర్రబారి, బంగారం విడివడి స్వేచ్ఛగా ఉంటుంది. దానిని దంచి, పాదరసంతో పట్టడం తేలిక. కిందికి పోయేకొద్దీ రాయి గట్టిపడుతుంది. బంగారం గంధకంతో కూడిన ఇనుప ఖనిజంలో చిక్కుకుని ఉంటుంది. పాదరసానికి అది సులువుగా లొంగదు. కాబట్టి పైన దొరికిన లెక్కను పట్టుకుని అడుగున కూడా అంతే దొరుకుతుందనుకోవడం పెద్ద పొరపాటు.

నీటి లెక్క కూడా ఇందులో కీలకమే. కుళ్లిన పై పొర స్పంజిలా వాన నీటిని పట్టి ఉంచుతుంది. గని ఆ పొరను దాటేటపుడు ఊట విపరీతంగా ఉంటుంది. గట్టి రాతిలోకి దిగిన తరువాత నీరు చీలికల ద్వారానే వస్తుంది. కొండవాలు నుంచి అడ్డంగా సొరంగం తొలిస్తే నీరు తనంతట తానే బయటికి పారిపోతుంది. వాగు మట్టం కంటే లోతుకు నిలువు షాఫ్టు దించితే మాత్రం రాత్రింబవళ్లు తోడిపోయవలసిందే. రాయిని దంచే మిల్లులకు నీరు కావాలి, గనిలో మాత్రం నీరు ఉండకూడదు. ఈ రెండింటి సమతూకం కుదరకపోతే ఎంత మేలైన చాళ్లయినా నష్టాన్నే మిగులుస్తాయి.

కింగ్ బంగారం లేదని కొట్టిపారేయలేదు. చాళ్లను కొలిచారు, నమూనాలను పరీక్ష చేయించారు, పాత పనివారి గుంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించారు. ఆ ప్రదేశంలో బంగారం ఉన్న మాట నిజమేనని, అయితే పొదుపుగా, నిలకడగా, లెక్కతో సాగే పని అయితేనే దానికి భవిష్యత్తు ఉంటుందని ఆయన అభిప్రాయం. కొన్నేళ్ల తరువాత ఆ పరిశ్రమ తీరుపై మరో నివేదిక కూడా ఇచ్చారు.

లండన్‌లో మోజు, పందలూరులో శిథిలాలు

నిదానంగా సాగవలసిన పని మోజుగా మారింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో గనుల అధికారిగా పేరు గడించిన బ్రౌ స్మిత్‌ను ప్రభుత్వం 1879లో వైనాడుకు పంపింది. ఆయన నివేదికలు ఆశను పెంచాయి. 1879 నుంచి 1881 మధ్య లండన్ మార్కెట్లో వైనాడు బంగారు కంపెనీలు పదుల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. లక్షల పౌండ్ల వాటాలు అమ్ముడుపోయాయి. కాఫీ తోటలు ఊహించని ధరలకు చేతులు మారాయి. అడవి మధ్య పందలూరు ఒక చిన్న పట్టణంగా అవతరించింది. గుర్రపు పందేల మైదానం వరకు అన్నీ వచ్చాయి. యంత్రాలు కొండలెక్కాయి. చాళ్ల సగటు విలువ తేల్చుకోకముందే మిల్లులు కట్టారు. మిల్లు ఆడిన తరువాత తేలిన బంగారం ఖర్చుకు కూడా సరిపోలేదు. కొన్నేళ్లలోనే కంపెనీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1901లో సర్వేక్షణ సంస్థ తరఫున హేడెన్, హ్యాచ్ అనే శాస్త్రవేత్తలు తిరిగి సమగ్రంగా పరీక్షించగా, ఆ చాళ్ల సగటు విలువ లాభసాటి కాదని స్పష్టమైంది.

ఇదే కాలంలో మైసూరు రాజ్యంలోని కోలారు గనుల కథ వేరుగా నడిచింది. జాన్ టేలర్ కంపెనీ 1880 నుంచి అక్కడ పనిలోకి దిగింది. అక్కడా మొదట నిరాశే ఎదురైంది. 1883 నాటికి మైసూరు కంపెనీ చేతులెత్తేసే దశకు వచ్చింది. పాత తవ్వకాల అడుగున వెదకగా ఛాంపియన్ చాలు బయటపడి దశ తిరిగింది. ధార్వాడ శిలలనే నల్లని శిస్టు పట్టీలో, తెగకుండా లోతుకు దిగిన చాలు అది. పైపొరలు దాటిన తరువాత లోతు గనులు చాలా వరకు పొడిగా ఉండటం కూడా కలిసివచ్చింది. ఆ గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. చిత్తూరు వంటి తెలుగు జిల్లాల నుంచి తరలివెళ్లిన కార్మికులు తరతరాలుగా అక్కడ చెమటోడ్చారు. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి.

నిజాం రాజ్యానికీ బంగారు గని ఉండేది. రాయచూరు ప్రాంతంలోని హట్టి వద్ద పూర్వీకులు దాదాపు 640 అడుగుల లోతు వరకు తవ్విన గుంతలు బయటపడ్డాయి. యంత్రాలు లేని కాలంలో రాతిని నిప్పుతో కాల్చి పగులగొట్టి, నీటిని చేతులతో తోడిపోసి అంత లోతుకు దిగడం ఆశ్చర్యకరం. బ్రూస్ ఫుట్ 1880వ దశకంలో ధార్వాడ శిలల పట్టీలను గుర్తించి, దక్షిణాది బంగారానికి వాటితో ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపారు. కోలారు, హట్టి ఆ పట్టీల్లోనివే. ఒకే రకమైన పలుగురాయి అయినా చుట్టూ ఉన్న శిల ఏది, చాలు ఎంత దూరం తెగకుండా సాగింది, ఎంత లోతుకు దిగింది అన్న అంశాలే గని భవితవ్యాన్ని నిర్ణయిస్తాయని కోలారు, వైనాడుల ఉదాహరణలు రుజువు చేశాయి.

నీటి జాడ

దక్షిణాదిలో 1876 నుంచి 1878 వరకు సాగిన ఘోర కరవు లక్షల ప్రాణాలను బలిగొంది. నీటి వనరుల అన్వేషణ ఎంత ముఖ్యమో ఆ కరవు చాటింది. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు లోతైన బోర్లు వేయగా నీరు తనంతట తానే పైకి ఉబికి వచ్చింది. మద్రాసు నగరానికి కూడా ఇలాంటి నీరు దొరుకుతుందా అన్న ప్రశ్న తలెత్తింది. కింగ్ ఆ బావులను అధ్యయనం చేసి 1880లో వివరమైన పత్రం ప్రచురించారు.

నీరు ఉబకడానికి కారణం ఆ నేల అమరికలో ఉంది. బంకమట్టి పొరల నడుమ ఇసుక పొర వాలుగా ఇరుక్కుని ఉంటుంది. ఎగువన ఆ ఇసుక పొర బయటపడిన చోట వాన నీరు ఇంకి, రెండు బంకమట్టి పొరల మధ్య బందీ అవుతుంది. దిగువన బోరు గుచ్చగానే పై నుంచి ఉన్న ఒత్తిడి వల్ల నీరు పైకి ఎగసి వస్తుంది. ఆ అమరిక లేని నేలలో ఎంత లోతు తవ్వినా అటువంటి ఊట రాదు.

ఓరుగల్లు నేలను ఈ దృష్టితో చూస్తే రెండు వేర్వేరు లోకాలు కనిపిస్తాయి. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ వైపు అధిక భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ శిలలు. పైన కొద్ది మీటర్ల మొరం, దాని కింద గట్టి బండ. నీరు మొరంలోనూ, బండ చీలికల్లోనూ మాత్రమే ఉంటుంది. అందుకే ఒక రైతు బోరులో నీరు పడితే, పక్క చేనులో దుమ్ము లేస్తుంది. భూపాలపల్లి, ములుగు వైపు గోదావరి లోయలోని ఇసుకరాయి ఇందుకు భిన్నం. అది తన రంధ్రాల నిండా నీటిని దాచుకుంటుంది. బోరుకు ఆ నీరు వరమైతే, బొగ్గు బాయికి అదే శాపం. బొగ్గు పొరలకు పైనా కిందా ఉన్నది ఇసుకరాయే కావడంతో సింగరేణి గనుల్లో నిరంతరం నీరు తోడవలసి వస్తుంది. అలా తోడిన నీటిని సమీప గ్రామాల చెరువులకు, సాగుకు మళ్లించడం ఆనవాయితీగా మారింది.

కాకతీయులు చెరువులు ఎందుకు తవ్వించారో కూడా ఈ రాయే చెబుతుంది. గట్టి బండ నేలలో నీరు లోతుకు ఇంకదు. కాబట్టి నేల పైనే కట్టడి చేయాలి. రాతి తీరు తెలుసుకోకుండా అప్పు మీద అప్పు చేసి బోరు మీద బోరు వేసి చితికిపోయిన రైతు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. వైనాడులో వాటాదారులు నష్టపోయిన తీరుకూ, ఈ రైతుల గతికీ మూలం ఒకటే. నేలను చదవకముందే సొమ్మును నేలలో పోయడం. అయితే లండన్ వాటాదారు పోగొట్టుకున్నది పెట్టుబడి, రైతు పోగొట్టుకున్నది బతుకు.

పాకాలకు ప్రపంచ ఖ్యాతి

ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భ స్వరూపంపై కింగ్ రాసిన గ్రంథం 1881లో వెలువడింది. తెలంగాణ భూగర్భ శాస్త్రానికి అది మూలగ్రంథం వంటిది. బొగ్గునిచ్చే గోండ్వానా శిలల కంటే ఎంతో పురాతనమైన, వంద కోట్ల ఏళ్లకు పైబడిన సున్నపురాయి, పలకరాయి, ఇసుకరాయి పొరలను ఆయన ఈ లోయ అంచుల్లో వేరుచేసి చూపారు. వాటిలో ప్రధానమైన శ్రేణికి ఆయన పెట్టిన పేరు పాకాల. నర్సంపేట సమీపంలో 13వ శతాబ్దంలో కాకతీయుల కాలాన వెలసిన పాకాల చెరువు, దాని చుట్టూ ఉన్న గుట్టలు ఆ విధంగా ప్రపంచ భూగర్భ సాహిత్యంలో స్థానం సంపాదించుకున్నాయి. మరో శ్రేణికి సుల్లవాయి అని, ఇంకొక దానికి పెన్‌గంగ అని ఆయన పేర్లు పెట్టారు. 140 ఏళ్లు దాటినా శాస్త్రవేత్తలు ఆ పేర్లనే వాడుతున్నారు.

రైలు వచ్చింది, బాయి తెరుచుకుంది

కింగ్ 1871లో చూపిన బొగ్గు పదిహేనేళ్లకు పైగా నేలలోనే ఉండిపోయింది. అడవిలో బొగ్గు ఉన్నా దానిని మోసుకుపోయే దారి లేకపోవడమే అందుకు కారణం. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. నిజాం రైల్వే 1886లో వరంగల్ చేరింది. అదే ఏడాది లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం రాజ్యంలో గనుల హక్కులు పొందింది. 1888లో డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు రైలు శాఖ పడింది. 1889లో ఆ మార్గం బెజవాడ వరకు పూర్తయింది. అదే ఏడాది ఇల్లందు బొగ్గు ఉత్పత్తి మొదలైంది. వరంగల్ పట్టణం వాణిజ్య కేంద్రంగా ఎదగడానికి దోహదం చేసిన ఆ రైలు మార్గం ఇటుగా సాగడంలో సింగరేణి బొగ్గు పాత్ర ఎంతో ఉంది.

ఆ కంపెనీ గనుల హక్కుల వ్యవహారం పెద్ద వివాదమే రేపింది. వాటాల అమ్మకంలో జరిగిన అక్రమాలపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. నేల కింది సంపద వెలికి రాకముందే దాని పేరిట కాగితాల మీద సంపాదించినవారు ఇక్కడా ఉన్నారు. వైనాడుకూ సింగరేణికీ తేడా ఏమిటంటే, ఇక్కడ కాగితాల కింద నిజంగానే బొగ్గు ఉంది.

బొగ్గు బాయి తెరుచుకునే నాటికి కింగ్ హోదా కూడా మారింది. 1887లో ఆయన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. మూడు దశాబ్దాల పాటు గుడారాల్లో గడిపిన ఆయన కలకత్తా కార్యాలయం నుంచి దేశవ్యాప్త సర్వేను నడిపించారు. 1894లో పదవి నుంచి వైదొలిగారు. 1900లో కన్నుమూశారు.

మిగిలిన ముద్ర

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబరు 23న ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ప్రధాన వాటాదారుగా మారింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని భూపాలపల్లితో సహా గోదావరి లోయలో వేలాది కుటుంబాలు ఆ బొగ్గు మీద ఆధారపడి బతుకుతున్నాయి.

ఈ చరిత్రకు మరో కోణమూ ఉంది. కింగ్ పని చేసింది వలస ప్రభుత్వం కోసం. ఆయన పటాలు ముందుగా ఉపయోగపడింది రైల్వే కంపెనీలకు, లండన్ పెట్టుబడిదారులకు. ఆయనకు అడవి దారులు చూపిన కోయలు, వాగు ఇసుకలో బంగారం తీసిన కురుంబలు, బనగానపల్లె పొరను తరతరాలుగా ఎరిగిన వజ్రాల పనివారు చరిత్రలో పేర్లు లేకుండా మిగిలిపోయారు. నేల జ్ఞానం వారి దగ్గర మొదలైంది. దానిని లెక్కగా, పటంగా, గ్రంథంగా మలిచింది కింగ్.

రాష్ట్ర విభజనకు ముందు, ఆ తరువాత కూడా తెలుగు నేలపై బంగారం ఆశ చావలేదు. కోలారు గనుల కంపెనీ ఆధ్వర్యంలో నడిచిన చిత్తూరు జిల్లా చిగురుగుంట, అనంతపురం జిల్లా రామగిరి గనులు కూడా 2001లో కోలారుతో పాటే మూతపడ్డాయి. ఎక్కడైనా మళ్లీ గని తెరవాలంటే ముందుగా అడగవలసిన ప్రశ్నలు కింగ్ కాలం నాటివే. చుట్టూ ఉన్న శిల ఏది? చాలు ఎంత లోతుకు పోతుంది? నీరు ఎక్కడి నుంచి వస్తుంది, తోడిన నీరు ఎటు పోతుంది, గని తోడుకుంటే చుట్టుపక్కల బావుల్లో మిగిలేది ఎంత? ఈ చివరి ప్రశ్న కింగ్ నాటి కంపెనీలకు పట్టనిది. నేటి గ్రామాలకు మాత్రం అదే మొదటి ప్రశ్న.

పాకాల గుట్టల రాళ్లకు ఆయన పెట్టిన పేరు పుస్తకాల్లో నిలిచింది. ఆయన పేరు మాత్రం పుస్తకాల కంటే ఎక్కువగా బొగ్గు బాయిలోనే వినిపిస్తుంది. షిఫ్టుకు దిగే కార్మికునికి ఆయన ఎవరో తెలియకపోవచ్చు. కానీ కింగ్ సీమ్ ఎక్కడ ఉందో తెలుసు.